షట్టరు దింపని రాత్రులు

ఆ సున్నా నాది.
చూడగానే తెలిసిపోయింది.
పొద్దున్న ఐదున్నర. జయపురం, బొరిగుమ్మ రోడ్డు.
గుర్మేల్ సింగు కమాన్ పట్టీల కొట్టు ముందు
పాలవాళ్లూ, సంతకెళ్లే ఆడవాళ్లూ ఆగిపోయి ఉన్నారు.
షట్టరు మీద పైన ఒరియాలో ఒక బూతు,
కింద తెలుగులో ఒకే ఒక్క మాట:
పొండి.

మధ్యలో సున్నా.
ఎక్కడ మొదలయిందో తెలీనంత గుండ్రం.
కుంచె ఎత్తకూడదురా, ఊపిరి వదలకూడదు,
మణికట్టు కాదు, భుజం తిప్పాలి అని
నాలుగేళ్లు నేర్పించాను
మా పారమ్మ కొడుకు గౌరీశుకి.
ఎరుపు కూడా నా డబ్బాలోదే.

ముందు రాత్రి ఎవరో ఫోన్లో ఏదో పంపారు.
ఎక్కడో ఏదో అయిందని.
అది ఎక్కడో, నిజమో కాదో, ఇప్పటికీ నాకు తెలీదు.
బస్టాండు వెనక ముసలాయన్ని ముగ్గురు ఆపారు.
తలపాగా లాగారు.
అది ఒక్కసారిగా ఊడి రాదు కదా,
చుట్టు వెనక చుట్టు, చుట్టు వెనక చుట్టు,
ఆయన్నే బొంగరంలా తిప్పుతూ విప్పారు.
నెరిసిన జుట్టు నడుందాకా జారింది.
ముప్పై ఎనిమిదేళ్లుగా ఒకే వీధి.
ఆ జుట్టు మేమెవ్వరం చూసి ఎరగం.

పోలీసులు ఫొటోలు తియ్యాలట, అందాకా చెరపకూడదట.
ఫొటోలాయన కొరాపుటు నుంచి రావాలట.
జస్వీర్ కౌర్ బయటికొచ్చింది. ఏడవలేదు.
"దింపితేనే కదా కనపడేది" అంది.
షట్టరు చరచరా పైకి నెట్టింది.
చుట్టు మీద చుట్టు,
మాట లోపలికి చుట్టుకుపోయింది.

రాత్రంతా కొట్టు తెరిచి ఉంటే
ఇనుము ఎవడెత్తుకుపోడు?
అందుకని కూచున్నాం.
మొదటి రాత్రి టీ కొట్టు దిబాకర్ పాఢీ, నేను,
పంచర్లు వేసే కుర్రాళ్లిద్దరు.
రెండో రాత్రి సాలూరు లారీవాళ్లు
బండి అడ్డంగా పెట్టి టాపు మీదే పడుకున్నారు.
సునామణి పేజు కుండ దించింది, డబ్బులడిగింది.
ఇచ్చాం.
బట్టల కొట్టు సుబుద్ధి రాలేదు.
మా కులపెద్దా రాలేదు.
"మనకెందుకురా కూర్మారావూ,
మనమూ బయట్నుంచి వచ్చినోళ్లమే" అన్నాడు.
అందుకే రావాలి అని నేను అనలేదు.
ఆ వేళకి తోచలేదు.
మా తాత ఉప్పు బస్తాలతో సుంకి ఘాటీ ఎక్కినప్పుడు
ఎవరి గోడ మీదా ఆ మాట లేదు.
ఉన్నా, ఆయనకి చదువు రాదు.

నాలుగో రాత్రి ముసలాయనే వచ్చి కూచున్నాడు.
కొత్త పాగా, నీలిది. కట్టు కొంచెం వదులు.
"మాస్టరూ, రాత బాగుంది.
ఎవరో నేర్పిన చెయ్యి" అన్నాడు.
తెలిసి అన్నాడో, తెలీక అన్నాడో.
దిబాకర్ స్టవ్వు పంపు కొడుతూనే ఉన్నాడు.
టీ పొంగిపోయింది.

తెల్లారి ఠాణాకి వెళ్లాను.
ఈ చెయ్యి నేను నేర్పిందే అని రాయించి సంతకం పెట్టాను.
మా ఇంటిపేరు బొంతు.
సంతకంలో సున్నా వంకర పోయింది.

పారమ్మ ఆనాటి నుంచి నా గుమ్మం తొక్కలేదు.
గౌరీశు బెయిలు మీద వచ్చాడు.
మిగతా ఇద్దరి పేర్లూ చెప్పలేదు.

తొమ్మిది రాత్రులయ్యాక ఫొటోలాయన వచ్చాడు,
నాలుగు నిమిషాల్లో వెళ్లిపోయాడు.
రంగు నేనే వేశాను.
డబ్బు వద్దంటే జస్వీర్ ఒప్పుకోలేదు.
"పనికి కూలి తీసుకో,
మిగతాది ఇంకెక్కడైనా తేల్చుకో" అంది.
నీలం, రెండు పూతలు.
కొట్టు పేరు ఒరియాలో, తెలుగులో రాశాను.
గురుముఖి నాకు రాదు.
ముసలాయన సుద్దముక్కతో గీసిస్తే
దాని మీద కుంచె నడిపాను,
పలక పట్టిన పిల్లాడిలా.

ఆదివారం, కొట్టు మూసి ఉన్నప్పుడు,
ఎండ ఏటవాలుగా పడే వేళ
నీలం కింద సున్నా ఉబ్బెత్తుగా తేలుతుంది.
ఇంకో పూత వెయ్యమని ఎవరూ అడగలేదు.
నేనూ వెయ్యలేదు.
అటు వెళ్తూ వేలితో తడుముతాను,
ఎక్కడ మొదలయిందో
దొరుకుతుందేమోనని.